కాలువల ఊళ్లో కాలికి బలం లేని బిడ్డను పెంచడం

మా వైపు ఏ ఊరు చూసినా నీళ్ల మధ్యే ఉంటుంది. ఇంటి ముందు బోదె (చిన్న నీటి కాలువ), వీధి చివర పంట కాలువ, చేల వెనక మురుగు కాలువ, అవన్నీ దాటితే గోదావరి పాయ. కాళ్లు బాగున్నవాళ్లకు ఈ ఊళ్లలో నడక గురించి ఆలోచించే అవసరం రాదు. చెప్పులు చేత పట్టుకుని గట్టు మీద నడిచిపోతారు, తాటి దుంగ మీద బోదె దాటేస్తారు, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) దిగేటప్పుడు బల్ల చివరి నుంచి ఒడ్డు మీదికి గెంతుతారు. ఇంట్లో బిడ్డకు కాలు సరిగా పనిచేయదని తెలిశాక అదే ఊరు ఆ ఇంటివాళ్లకు వేరుగా కనబడుతుంది. ఆ తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

నేను గోదావరి వసిష్ఠ పాయ పక్కన ఒక లంక గ్రామంలో (నది మధ్య దిబ్బ మీది ఊరు) పుట్టాను. ఏడాదిన్నర వయసులో జ్వరం వచ్చింది, ఇంజెక్షన్ చేశారు, ఎడమ కాలు చచ్చుబడింది. మా తరంలో పోలియో వచ్చిన ఏ ఇంట్లో అడిగినా ఈ మూడు మాటలూ ఇదే వరుసలో చెబుతారు. పోలియో వైరస్ ఒంట్లో ఉన్న సమయంలో కండకు సూది గుచ్చితే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందని వైద్యులు తర్వాత తేల్చారు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో బయటపడింది. 2014 మార్చిలో దేశాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. ఇప్పుడు నేను టీచరుగా పనిచేస్తున్న బడికి వచ్చే పిల్లల ఇబ్బందులు వేరు: పుట్టుకతో వంకర తిరిగిన పాదాలు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడం), వెన్నుపాము లోపం, కండరాల క్షీణత, ప్రమాదంలో పోయిన కాలు. జబ్బు పేరు మారినా బురద మారలేదు, గట్టు మారలేదు.

నేను చెప్పే సలహాలన్నిటికీ మూలం ఒకటే. మీ బలమంతా బిడ్డను ఎత్తుకు తిరగడంలో ఖర్చు పెట్టకండి. బిడ్డ తనంతట తాను వెళ్లగలిగే దారి వేయడంలో పెట్టండి. మూడేళ్ల బిడ్డను ఎవరైనా చంకనేసుకుంటారు. పదేళ్లు వచ్చేసరికి తండ్రి నడుము పట్టేస్తుంది. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యాక తండ్రీ ఎత్తుకోడు, బాబాయీ ఎత్తుకోడు. సరిగ్గా ఆ ఏడాదే ఆ పిల్ల బడి మానేస్తుంది. నేను చూసిన ఆడపిల్లల్లో చదువు ఆగినవాళ్లలో ఎక్కువమందికి ఆగింది అక్కడే. ఆ వయసు వచ్చేలోపు ఇంటి నుంచి మరుగుదొడ్డికి, బడికి, స్నేహితురాలి ఇంటికి ఒక్కతే వెళ్లి రాగలిగేలా చూడండి. ఈ మూడు దారులూ ముఖ్యం. నాలుగో దారి ఏదో ఆ పిల్లే వెతుక్కుంటుంది.

మొదటి నెలలు, మొదటి ఏళ్లు

పుట్టినప్పుడే పాదం లోపలికి తిరిగి ఉంటే ఆలస్యం చేయకండి. పొన్సెటి పద్ధతి అని ఉంది. పుట్టిన కొద్ది వారాల్లోనే మొదలుపెట్టి, వారం వారం పాదాన్ని కొంచెం కొంచెం సరిచేస్తూ పిండి కట్లు మారుస్తారు. సాధారణంగా ఐదారు కట్లతో పాదం దారికి వస్తుంది. చాలామందికి మడమ వెనక స్నాయువుకు (కండను ఎముకకు కలిపే తాడుకు) చిన్న కోత పడుతుంది. అసలు కష్టం ఆ తర్వాత ఉంది. రెండు పాదాలనూ కలిపే కడ్డీ ఉన్న బూట్లు మూడు నెలల పాటు రోజుకు 23 గంటలు తొడగాలి, ఆ తర్వాత నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రలో తొడగాలి. పాదం బాగైపోయిందని, బిడ్డ ఏడుస్తోందని, ఉక్కగా ఉందని ఇంట్లో పెద్దవాళ్లు ఆ బూట్లు విప్పించేస్తారు. విప్పిన పాదం మళ్లీ తిరుగుతుంది. ఈ ఒక్క విషయంలో అత్తగారి మాట కూడా వినకండి.

ఐదు నెలలు దాటినా మెడ నిలబడకపోతే, పది నెలలు వచ్చినా కూర్చోకపోతే, ఏడాది నిండకముందే ఒక్క చేతినే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచితే డాక్టరుకు చూపించండి. "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అనే మాట ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది. ఆ మాట మీద ఏడాది గడిచిపోతుంది. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందానికి బిడ్డను దాచకుండా చూపించండి. వాళ్లు జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. మొక్కులు మొక్కుకోండి, అంతర్వేది వెళ్లండి, తప్పేమీ లేదు. కాని మొక్కు తీరాక చూద్దామని చికిత్సను వాయిదా వేయకండి. చచ్చుబడిన కాలికి బలంగా తైలం రుద్ది, లాగి, వంచి సరిచేస్తామనేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి. బలం లేని కాలిలో ఎముక కూడా పలచనగా ఉంటుంది, సులువుగా విరుగుతుంది.

శస్త్రచికిత్స అవసరమని చెబితే ఒకరికి ఇద్దరు డాక్టర్ల మాట వినండి. తిరుపతిలో తితిదే నడిపే బర్డ్ ఆసుపత్రికి మా వైపు నుంచి రైలెక్కి వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి చేయించాల్సిన వ్యాయామం ఎవరు చేయిస్తారో ముందే అనుకోండి. అది లేకపోతే ఆపరేషన్ సగమే.

రోజూ చేసే చిన్న పని ఒకటి చెబుతాను. ఎక్కువసేపు కూర్చునే పిల్లలకు తుంటి, మోకాలు వంగిన చోటే బిగుసుకుపోతాయి. చాప మీద బోర్లా పడుకోబెట్టి హోంవర్క్ రాయించండి. అరగంట చాలు, ఏ ఖర్చూ లేదు. నేను ఎక్కాలన్నీ అలా బోర్లా పడుకునే నేర్చుకున్నాను.

ఇల్లు

మన ఇళ్లు మెరక మీద కడతారు, వరదకు భయపడి అరుగు ఎత్తుగా లేపుతారు. అందువల్ల వాలు దారి కట్టించడం అంత తేలిక కాదు. చక్రాల కుర్చీ సులువుగా ఎక్కాలంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు వాలు ఉండాలి. రెండున్నర అడుగుల అరుగుకు 30 అడుగులు కావాలి. ముందు జాగా లేకపోతే ఇంటి పక్క గోడ వెంబడి తీసుకుని, ఒక మలుపు తిప్పండి. మలుపు దగ్గర కుర్చీ ఆగి తిరిగేంత చదును ఉంచండి. నిటారుగా ఉన్న వాలు, అసలు వాలు లేకపోవడం కంటే ప్రమాదం. కాలిపర్‌తో (కాలికి ఊతంగా తొడిగే ఇనుప చట్రం), కర్రలతో నడిచే బిడ్డకైతే వాలు కంటే మెట్లే మేలని నా అనుభవం. కాని అవి మేస్త్రీలు కట్టే మెట్లు కాకూడదు. నాలుగు అంగుళాల ఎత్తు, పాదమూ కర్రా రెండూ పట్టేంత వెడల్పు, రెండు పక్కలా పట్టుకోవడానికి పైపు ఉండాలి. మెట్ల మీద నున్నని టైల్స్ వేయించకండి. వానాకాలంలో అవి నాచు లేకుండానే జారతాయి.

మరుగుదొడ్డి దొడ్లో చివరన ఉంటే దాన్ని ఇంటి దగ్గరికి జరపండి. ఇంట్లో ఏదైనా ఒక్క పనికే డబ్బుంటే మొదట దీనికే పెట్టండి. గొంతుక్కూర్చోలేని బిడ్డకు కమోడ్ పెట్టించండి. అది కుదరకపోతే గట్టి కుర్చీకి మధ్యలో రంధ్రం కోసి, అంచులు నున్నగా చేసి, కిందనున్న పళ్లెం మీద కదలకుండా నిలబెట్టవచ్చు. కూర్చున్నచోటి నుంచి బిడ్డ చెయ్యి అందే ఎత్తులో గోడకు కడ్డీ వేయించండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయిన బిడ్డ లోపలికి తెరుచుకునే తలుపుకు అడ్డం పడితే ఎవరూ లోపలికి వెళ్లలేరు.

బోదె మీద దుంగ

మా ఇంటికీ వీధికీ మధ్య బోదె ఉండేది. దాని మీద ఒకే ఒక తాటి దుంగ, గుండ్రంగా, నడిచి నడిచి నున్నబడి ఉండేది. నేను మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచేదాన్ని. తొడ కండరానికి బలం లేనివాళ్లందరూ అలాగే నడుస్తారు. మోకాలు మడత పడకుండా చేత్తో వెనక్కి నొక్కిపెట్టి ఒక్కో అడుగూ వేయాలి. దుంగ మీద అలా వంగితే ముందుకు తూలిపోతాం. అందుకని నన్ను ఎవరో ఒకరు దాటించేవారు. ఎవరూ లేకపోతే ఆ వేళ బడి లేనట్టే.

నాన్న ఆ దుంగ తీయించేశారు. ఇంకో తాడి చెట్టు కొట్టించి, నిలువునా చీల్చి, బల్లపరుపుగా ఉన్న వైపు పైకి వచ్చేలా చెక్కల్ని పక్కపక్కనే పరిపించారు. రెండు ఒడ్లలోనూ గుంజలు పాతి, నా నడుము ఎత్తులో వెదురు బొంగు కొబ్బరి తాడుతో కట్టారు. మొదట ఒక పక్కే కట్టారు. బడికి వెళ్లేటప్పుడు బొంగు నా కుడిచేతికి అందేది, బాగానే దాటేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు అదే బొంగు ఎడమ పక్కకు వచ్చేది. ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంటుంది, పట్టుకునేందుకు ఖాళీగా ఉండదు. సాయంత్రం నేను అవతలి ఒడ్డున నిలబడిపోవడం చూసి, మర్నాడే రెండో పక్క కూడా కట్టారు. ఊతం ఎప్పుడూ రెండు వైపులా ఉండాలన్న సంగతి ఇంజనీర్లు కట్టిన ఎన్నో చోట్ల నాకు ఇప్పటికీ కనబడదు. దుంగల మీద నాచు పట్టకుండా అన్నయ్య చిప్పతో గీకి ఇసుక చల్లేవాడు. ఆ బొంగు పట్టుకుని మా మామ్మ కూడా దాటేది. పొరుగింటి ముసలివాళ్లు కూడా మా వైపు నుంచే వచ్చి దాటడం మొదలుపెట్టారు.

ఇప్పుడు చాలాచోట్ల తూములు, సిమెంటు పలకలు వచ్చాయి. పలక వేసేటప్పుడే పంచాయతీ వారిని అడిగి రెండు పక్కలా పైపు పెట్టించండి. తర్వాత పెట్టిస్తామంటే పెట్టించరు. గ్రామసభలో నోటిమాటగా కాక కాగితం మీద అడగండి. బిడ్డ నడిచే దారి మొత్తం ఒకసారి మీరు బిడ్డతో పాటు, బిడ్డ వేగంతో నడవండి. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ చేతికి ఆధారం వెతుక్కుంటుందో అక్కడ ఒక గుంజో, కూర్చునే దిమ్మో కావాలి. ఎవరి అరుగు మీద కూర్చోవచ్చో ఆ ఇంటివాళ్లతో ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

చేతుల లెక్క కూడా చూసుకోండి. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి ఊతం మీద ఉంటే పుస్తకాలకు, గొడుగుకు చెయ్యి మిగలదు. మా అమ్మ పాత చీర మడతలు పెట్టి రెండు భుజాలకూ తగిలించుకునే సంచి కుట్టింది. వానకు యూరియా సంచిని ఒక మూలకు మడిచి తలమీదుగా వేసేది. ఇప్పుడు బ్యాగులు, రెయిన్‌కోట్లు ఉన్నాయి. ఎంత మంచి గొడుగైనా కర్రలతో నడిచే పిల్లకు ఇవ్వకండి.

కాలిపర్, కర్రలు, బురద

కాలిపర్ బూటు ఇచ్చేవాళ్లు దాన్ని తొడగడం నేర్పుతారు. డెల్టాలో దాన్ని బతికించడం మనమే నేర్చుకోవాలి. ఉప్పు గాలికి, తేమకు కీళ్లు తుప్పు పడతాయి, తోలు బూజు పడుతుంది. రాత్రి విప్పగానే బురద తడిగుడ్డతో తుడిచి, బూటులో పాత న్యూస్ పేపరు కుక్కి నీడన ఆరబెట్టండి. పొయ్యి పక్కన, ఎండలో పెడితే తోలు పెళుసుబారి పగులుతుంది. మోకాలి దగ్గర తాళం పడే కీలుకు కుట్టు మిషను నూనె వారానికొక చుక్క వేయండి. తాళం సరిగా పడుతోందో లేదో ప్రతి ఉదయం చేత్తో ఆడించి చూడండి. నడకలో తాళం ఊడితే బిడ్డ ముఖం మీద పడుతుంది.

బిడ్డ ఎదుగుతుంది, ఇనుము ఎదగదు. కాలిపర్ కీలు బిడ్డ మోకాలి కంటే కిందికి దిగినట్టు కనబడితే మార్చే సమయం వచ్చినట్టే. విప్పాక చర్మం మీద ఎర్రటి మచ్చ అరగంటకు కూడా పోకపోతే అక్కడ ఒరుస్తోందని అర్థం. పుండు పడేదాకా ఆగకుండా తయారుచేసినవాళ్ల దగ్గరికి తీసుకువెళ్లండి. లోపల నూలు మేజోడు తప్పనిసరి. పట్టీ తెగితే బస్సెక్కి పట్నం పోనక్కర్లేదు, సంతలో చెప్పులు కుట్టే ఆయన చక్కగా వేస్తాడు. ఒక పట్టీ అదనంగా కుట్టించి ఇంట్లో ఉంచుకోండి.

వెన్నుపాము లోపంతో పుట్టిన పిల్లల సంగతి ఇంకో తీరు. వాళ్లకు పాదాల్లో స్పర్శ ఉండకపోవచ్చు. నత్తగుల్ల కోసినా, మే నెలలో సిమెంటు రోడ్డు కాల్చినా వాళ్లకు తెలియదు. వాళ్లను చెప్పుల్లేకుండా ఎక్కడికీ పంపకండి. రోజూ రాత్రి అరికాళ్లు దీపం వెలుగులో చూడండి.

చంక కర్రల మీద బరువు చంకల్లో పడకూడదు, అరచేతుల్లో పడాలి. కర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, పిడి పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగి ఉండాలి. చంకలో బరువు వేసి నడిచేవాళ్లకు కొన్నాళ్లకు చేతులు తిమ్మిరెక్కుతాయి. అడుగున రబ్బరు బుష్ అరిగిందంటే తడి నేల మీద జారినట్టే, ఆ జత ఎప్పుడూ అదనంగా ఉంచండి. బురద గట్టు మీద కర్ర దిగిపోకుండా, పాత టైరు ముక్కను గుండ్రంగా కోసి అడుగున బిగించవచ్చు. మేకు తల బయటికి పొడుచుకు రాకుండా చూడాలి.

ఈత

ఈ భాగం మాత్రం దాటవేయకండి. నీళ్ల మధ్య పెరిగే బిడ్డను నీళ్ల నుంచి దూరంగా ఉంచి కాపాడగలమని అనుకుంటారు. కాలు జారే అవకాశం మిగతా పిల్లల కంటే ఆ బిడ్డకే ఎక్కువ. ఈత రావాల్సిన అవసరం కూడా ఆ బిడ్డకే ఎక్కువ.

మా రేవులో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు ఎండిపోయిన కొబ్బరికాయల్ని పీచుతోనే జతగా కట్టి ఛాతీ కింద పెట్టేవారు. నాకు చిన్నాన్న నేర్పారు. దాళ్వా (రెండో పంట) చివర్లో, కాలువలో నీటి జోరు తగ్గినప్పుడు, రేవు మెట్ల దగ్గర నడుము లోతులో మొదలుపెట్టారు. ముందు మునగడం నేర్పలేదు, వెల్లకిలా తేలడం నేర్పారు. నా ఎడమ కాలు నేల మీద ఎప్పుడూ బరువే. నీళ్లలోకి దిగగానే అది తేలిపోయింది. ఆ కాలుకు బరువు లేకపోవడం ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. కాళ్లు కొట్టలేనివాళ్లు చేతులతో ఈదగలరు, వెల్లకిలా ఇంకా బాగా ఈదగలరు. ఒక కాలు బరువుగా, ఒక కాలు తేలిగ్గా ఉంటే శరీరం ఒక పక్కకు తిరుగుతుంది. ఆ తిరుగుడును చేతులతో ఎలా సర్దుకోవాలో నేర్పించాలి. దానికి కొన్నాళ్లు పడుతుంది, తొందరపెట్టకండి.

మూర్ఛలు వచ్చే పిల్లల్ని మాత్రం డాక్టరును అడగకుండా నీళ్లలోకి దించకండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో మూర్ఛలు తరచుగా ఉంటాయి. కాలిపర్‌తో ఎవరినీ దించకూడదు, ఆ ఇనుము అడుగుకు లాగేస్తుంది. నేర్పే పెద్దమనిషి చెయ్యి అందేంత దూరంలోనే ఉండాలి. వచ్చేసింది కదా అని పిల్లల గుంపుతో ఒంటరిగా వదలకండి.

బడి

హెడ్మాస్టరు "మా దగ్గర సౌకర్యాలు లేవు" అంటే వెనక్కి వచ్చేయకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. కావాలనుకుంటే ప్రత్యేక పాఠశాలను ఎంచుకోవచ్చు. ఎంపిక మీది, హెడ్మాస్టరుది కాదు. హాస్టల్‌కు పంపమని చాలామంది సలహా ఇస్తారు. ఇంటి దగ్గర బడి ఉండగా చిన్న వయసులో పంపడం నాకు ఇష్టం లేదు. ఊళ్లో పిల్లలతో కలిసి చదవని బిడ్డ, పెద్దయ్యాక ఊరికి కొత్త మనిషి అవుతుంది.

తీరం దగ్గరి ఊళ్లలో కొన్ని బడులు తుఫాను షెల్టర్లలో నడుస్తాయి. తరగతులన్నీ పైనే ఉంటాయి. మీ బిడ్డ తరగతిని కిందికి మార్చమని, అది కుదరకపోతే వరండాలోనైనా నడపమని ఏడాది మొదట్లోనే అడగండి. బిడ్డ కోసం తరగతి మారాలి. మెట్ల మీద రోజూ ఎవరో ఒకరు మోసుకెళ్లే ఏర్పాటుకు ఒప్పుకోకండి.

టీచరుగా నేను గమనించేది ఒకటుంది. మధ్యాహ్నం దాకా సీసాలో నీళ్లు ముట్టని పిల్లలు ఉంటారు. బడి మరుగుదొడ్డికి వెళ్లలేక, వెళ్లడానికి సాయం అడగలేక, దాహంతోనే కూర్చుంటారు. సీసా సాయంత్రం నిండుగా ఇంటికి వస్తోందా అని చూడండి. వస్తోందంటే బడి దొడ్డిని మీరు స్వయంగా వెళ్లి చూడాలి. అలాగే, కర్రలు పట్టుకున్న చేతులతో మధ్యాహ్న భోజనం పళ్లెం మోయడం కుదరదు. పళ్లెం తెచ్చిచ్చే పనిని ఒకే స్నేహితురాలి మీద పెట్టకండి. వంతులు వేయమని టీచరుకు చెప్పండి. లేకపోతే ఆ స్నేహం పనిగా మారిపోతుంది.

మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపిస్టు వచ్చే రోజులుంటాయి. సమగ్ర శిక్ష పథకం కింద రవాణా భత్యం, తోడు వచ్చేవారికి భత్యం, ఆడపిల్లలకు స్టైపెండ్ ఇస్తారు. బడి ద్వారానే అడగాలి. రాయడం నెమ్మదిగా ఉన్నవాళ్లకు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టేవారి సాయం ఉంటాయి. పదో తరగతి మొదట్లోనే దరఖాస్తు పెట్టించండి, హాల్ టికెట్లు వచ్చాక పరుగెత్తితే పని కాదు.

కాగితాలు

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్టుకు గ్రామ సచివాలయంలో గాని మీసేవలో గాని స్లాట్ తీసుకోవాలి. దాంతోపాటు యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కూడా తీసుకోండి. అది దేశమంతా చెల్లుతుంది. 40 శాతం, ఆపైన ఉంటే పింఛను వస్తుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నెలకు 6,000 రూపాయలు చేసింది. ఆ డబ్బును ఇంటి ఖర్చులో కలిపేయకండి. బిడ్డ పేరున పక్కన పెడితే ఏడాదికో కాలిపర్, బోదె మీద ఒక పలక, కాలేజీకి ఒక బస్సు పాసు అందులోంచే వస్తాయి. కాగితాల జిరాక్సులు రెండు చోట్ల దాచండి. ఎందుకో వరద దగ్గర చెబుతాను.

వరద

లంకలో ఉన్నవాళ్లకు ఈ అంకెలు నోటికి వచ్చి ఉండాలి. గోదావరి నీటిమట్టం భద్రాచలం దగ్గర 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఊళ్లో అందరూ రెండోదాకా చూద్దామంటారు. మీరు మొదటి దానికే బయలుదేరండి. దారి ఇంకా పొడిగా ఉన్నప్పుడు బిడ్డ తన కాళ్ల మీద, తన కర్రల మీద గట్టెక్కుతుంది. నీళ్లు వచ్చాక పడవలోకి ఎత్తి వేయాల్సిందే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు లంకల్లో అలా ఎత్తి వేసిన పెద్దల్ని, పిల్లల్ని చూశాం.

1986 ఆగస్టు వరదలో మా ఇంట్లో అందరం క్షేమంగా గట్టు మీదికి చేరాం. నా కాలిపర్ మాత్రం ఇంట్లో ఉండిపోయింది. నీళ్లు తీశాక దొరికింది గాని, కీళ్లు బిగిసిపోయి తొడగడానికి పనికిరాలేదు. కొత్తది వచ్చేవరకు మళ్లీ అందరూ నన్ను ఎత్తుకు తిరిగారు. అందుకే బియ్యం బస్తా కంటే ముందు కాలిపర్, కర్రలు, అదనపు పట్టీలు, వేసుకునే మందులు, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు బయటికి రావాలి. రెండో జత కాగితాలు ఎగువనున్న బంధువుల ఇంట్లో ఉంచండి. జిల్లాలోని దివ్యాంగుల వివరాల జాబితాను జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ఉంచుకోవాలని, ప్రమాదం గురించి వాళ్లకు తెలియజేయాలని 2016 చట్టంలోనే ఉంది. వేసవిలోనే సచివాలయానికి వెళ్లి బిడ్డ పేరు ఆ జాబితాలో ఉందో లేదో అడగండి. పునరావాస కేంద్రం ఏ బడిలో పెడతారో తెలుసుకుని, అక్కడి మెట్లు, మరుగుదొడ్డి ముందే చూసి రండి.

ఊరూ, పనీ, ఆ తర్వాత

ఇంటికి వచ్చినవాళ్లు బిడ్డ ముందే "పాపం, ఆడపిల్ల కూడానూ" అంటారు. కాలిని బట్టి పేరు పెట్టి పిలుస్తారు. మా నాన్న ఎవరితోనూ గొడవ పడే మనిషి కాదు. కాని అలా పిలిచిన ప్రతిసారీ ఆగి, "మా అమ్మాయికి పేరుంది, ఆ పేరుతో పిలవండి" అనేవారు. ఎదుటి మనిషి పేరుతో పిలిచేదాకా అక్కడి నుంచి కదిలేవారు కాదు. మీరూ అలాగే చేయండి. బిడ్డ చూస్తుండగా చేయండి.

పని చెప్పండి. కాలు బాగాలేదని కూర్చోబెట్టి, తినిపించి, అన్నదమ్ములకు మాత్రమే పనులు చెప్పే ఇంట్లో ఆ బిడ్డకు మాట చెల్లదు. కొబ్బరి దింపు రోజున కాయలు లెక్కపెట్టి రాసే పని నాది. కొనే వ్యాపారి లెక్కకూ నా లెక్కకూ తేడా వస్తే నాన్న నా లెక్కనే నిలబెట్టేవారు. మీ ఇంట్లో పాల లెక్క కావచ్చు, కూలీల హాజరు కావచ్చు, అది నిజమైన పని అయి ఉండాలి. తీర్థాలకూ, పెళ్లిళ్లకూ తీసుకెళ్లండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం పెరగకముందే చేరి, తొక్కిసలాట లేని ఎత్తు చోటు చూసి కూర్చోబెట్టండి. ఇంటి దగ్గర కాపలాకు వదిలి వెళ్లకండి.

పదో తరగతి అయ్యాక పిల్ల ఇంటర్‌కో పాలిటెక్నిక్‌కో పట్నం వెళ్లాలంటుంది. వెళ్లనివ్వండి. ఉన్నత విద్యలో ఐదు శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం సీట్లు చట్టం రిజర్వు చేసింది. వాటిని అందుకోవాలంటే ముందు ఊరు దాటడం రావాలి. మొదటి వారం మీరు కూడా బస్సెక్కండి. ఏ బస్సు మెట్టు తక్కువ ఎత్తులో ఉందో, ఏ కండక్టరు ఎక్కేదాకా ఆపుతాడో, కాలేజీలో మరుగుదొడ్డి ఎక్కడుందో ఇద్దరూ కలిసి చూడండి. ఆర్టీసీ రాయితీ పాసు చేయించండి, ఫోనులో డబ్బు వేయించండి. రేవు దాటి వెళ్లాల్సిన ఊరైతే పంటు నడిపేవాళ్లకు పిల్లను పరిచయం చేసి, బల్ల స్థిరంగా ఆనాకే దింపమని చెప్పండి. రెండో వారం నుంచి మీరు బస్సు స్టాపు దగ్గరే ఆగిపోండి.